పక్క చెరువు నీళ్ళు

మా బావగారు నరసరాజు గారిని రెండు పనుల్లో ఎవరైనా ఆపగలిగితే వాళ్ళకి నా కొట్లో ఉన్న చేపల మేత బస్తాలన్నీ రాసిచ్చేస్తాను. ఒకటి, ఎదుటివాళ్ళకి తిండి పెట్టడం. రెండు, ఎవరైనా నీతులు చెప్పబోతే తప్పించుకోవడం. మొదటిది ఆయన గుణం, రెండోది ఆయన కళ. ఇన్నేళ్ళుగా బావమరిదిగా పక్కనే ఉండి చూస్తున్నాను కాబట్టి ఆయన కథ చెప్పే హక్కు నాకుంది. మా అక్క రత్నమాణిక్యానికి ఇంకా ఎక్కువ హక్కుంది గానీ, ఆవిడ మొదలెడితే మధ్యలో కోపం వచ్చి ఆపేస్తుంది.

కైకలూరు నుంచి కొల్లేటికోట వెళ్ళే దారిలో ఆయనకి రెండు చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతారు. మా వైపు తవుడు సంచులకి చిల్లులు పెట్టి చెరువులో తాళ్ళకి వేలాడదీస్తాం. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. సంచి ఖాళీ అయిందంటే మా బావగారికి మనసు నిలవదు. "పాపం, ఇంకా ఆకలి మీదున్నాయేమో భానూ" అని నాతో అంటూ ఇంకో సంచి కట్టిస్తారు. ఎక్కువైన మేత అడుక్కి దిగి కుళ్ళుతుంది, అమోనియా పుట్టి నీళ్ళు పాడవుతాయి, చేపలకి ఊపిరాడదు. కొల్లేరు చుట్టుపక్కల బళ్ళో చదివే పిల్లల్ని అడిగినా ఈ మాట చెబుతారు. ఆయనకీ తెలుసు. తెలిసి ఏం లాభం?

నీళ్ళు పరీక్ష చేసే టెక్నీషియన్ మోటారు సైకిలు గట్టెక్కిందంటే చాలు, మా బావగారు ఖాళీ సీసా పట్టుకుని "నేను ముంచుకొస్తానుండండి, మీరు టీ తాగండి" అని బయల్దేరేవారు. తిన్నగా వెళ్ళి పక్క చెరువులో ముంచేవారు. ఆ చెరువు ఆసామి లెక్క ప్రకారం మేత వేసే మనిషి, నీళ్ళు తేటగా ఉంటాయి. ఇది మా బావగారు కనిపెట్టిన విద్యేం కాదు, కొల్లేటి గట్ల మీద చాలామందికి ఉన్న అలవాటే. టెక్నీషియన్ సీసా చూసి "అమోనియా అసలు లేదండీ రాజుగారూ, బ్రహ్మాండం" అనేవాడు. ఈయన వినయంగా తలూపేవారు.

ఒకసారి అలా మెచ్చుకోలు అందుకున్న మర్నాడు పొద్దున్నే చేపలన్నీ నీటి మీదికొచ్చి నోళ్ళు తెరిచాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పి, కాలవ నీళ్ళు పెట్టి, ఎలాగో బతికించుకున్నాం.

"సీసాలో నీళ్ళు బాగుంటే చెరువులో నీళ్ళు బాగుపడతాయా అండీ బావగారూ?" అని అడిగాను.

"నీళ్ళ సంగతి కాదోయ్, ఆ టెక్నీషియన్ ఉపన్యాసం తప్పింది చూడు. అదీ లాభం" అన్నారు.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరు చిన్న అబద్ధమాడినా "పక్క చెరువు నీళ్ళు తెచ్చావా?" అని అడగడం అలవాటైపోయింది.

అలాంటి మనిషికి పోయినేడు పెద్దపేగులో గడ్డ వచ్చింది. వచ్చినట్టు తెలియడానికే చాలా కాలం పట్టింది. దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతుంటే మొలలని తనే తేల్చేసుకున్నారు. "ఎండలో గట్ల మీద తిరిగే ఒళ్ళు, వేడి చేసింది" అనేవారు. కుర్చీలో తువ్వాలు మడత పెట్టుకుని, దాని మీద ఓ పక్కకి ఒరిగి కూర్చునేవారు. ఎవరో చెప్పిన ఆకు పసరు పరగడుపునే తాగేవారు. బెల్టుకి కొత్త చిల్లులు పడుతున్నా "వేసంకాలం కదా" అన్నారు. చివరికి మా అక్క ఏడ్చి, తిట్టి, ఆ కుర్చీలోంచి లేపి కారెక్కించింది. ఏలూరు దాకా కారు నడిపింది నేను. దారి పొడుగునా ఆయన చేపల రేటు గురించే మాట్లాడారు.

ఏలూరులో డాక్టరు పద్మప్రియ గారు పేగు ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది గానీ మన మాట మధ్యలో పడనివ్వదు. లోపల గొట్టం పెట్టి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, క్యాన్సరని చెప్పింది. ఆ ముక్క మేర పేగు కోసి తీసేసి, మిగతాది కలిపి కుట్టాలంది. దానికి ముందు ఒక రక్త పరీక్ష రాసింది. సి.ఇ.ఎ. అని దాని పేరు.

"గడ్డ ఉందని మీరే చెప్పారు కదండీ, మళ్ళీ రక్తం దేనికండీ?" అని అడిగారు బావగారు.

"ఈ రకం గడ్డల్లో చాలావరకు ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయండీ. ఆపరేషన్‌కి ముందు అది ఎంతుందో కొలిచి పెట్టుకుంటే, గడ్డ తీశాక పడిపోయిందో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత మూడేసి నెలలకోసారి చూస్తూ ఉంటాం. మళ్ళీ పైకి లేచిందంటే లోపల ఏదో జరుగుతోందేమోనని వెతుకుతాం."

"అంటే మా చెరువులో అమోనియా లాంటిదండి" అన్నారు ఈయన హుషారుగా.

"అలాగే అనుకోండి. కాకపోతే ఒక్క అంకె చూసి మురిసిపోకూడదు, ఒక్క అంకె చూసి హడలిపోకూడదు. వరస చూడాలి. వేరే కారణాలకీ పెరుగుతుంది. లివరు బాగోకపోయినా పెరగొచ్చు. పొగ తాగేవాళ్ళకి మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది. మీరు చుట్ట కాలుస్తారు కదా?"

ఆవిడ అరగంట చెప్పినదాంట్లో మా బావగారి చెవికెక్కింది ఆ చుట్ట ముక్కొక్కటే. మిగతాదంతా ఆ గది గాల్లోనే కలిసిపోయిందని తర్వాత నాకర్థమైంది.

ఆపరేషన్ రోజు పొద్దున్న మంచం మీద పడుకుని అక్క అరచేతిలో చెయ్యేసి "ఇంక చుట్ట ముట్టను, నీ మీద ఒట్టు" అన్నారు. లంక పొగాకు చుట్టతో ఆయన స్నేహం మా అక్కతో పెళ్ళి కంటే పాతది. అక్క ఆ ఒట్టు విని ఏడ్చింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. మా ఇద్దరికీ పక్క చెరువు సీసా సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఆపరేషన్‌కి ముందు ఆ అంకె నలభై ఒకటి. తర్వాత కొన్ని వారాలకి చూస్తే మూడు, ఐదు లోపుంటే మామూలేనట. ఆ పై పరీక్షలో రెండు. మా అక్క ఆ రెండుని పేటంతా చాటింది. "మా ఆయనకి రెండొచ్చిందండీ!" అని గుమ్మంలో నిలబడి చెబుతుంటే, సంగతి తెలియని పక్కింటావిడ ఏం జవాబివ్వాలో తోచక "పోన్లెండి, వచ్చేసారి బాగా వస్తుంది" అంది. 

ఒంట్లో ఓపిక రాగానే బావగారు ఒట్టు తీసి గట్టున పెట్టారు. చెరువు గట్టు మీద రేకుల గదిని మేం మకాం అంటాం. అక్కడ ఏరియేటర్ల స్టార్టర్ పెట్టె ఉంటుంది. కరెంటు పెట్టెలో అక్క చెయ్యి పెట్టదని ఆయనకి తెలుసు. చుట్టల కట్ట అందులో కాపురం పెట్టింది.

ఇక అసలు రోజు. ఆ పొద్దున నేను లేను. మా అక్కా నేనూ తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళాం. వెళ్ళేముందు అక్క ల్యాబ్ వాళ్ళకి ఫోను చేసి, మకాం దగ్గరికే మనిషిని పంపి రక్తం తీయించమని చెప్పింది. అక్కడ జరిగింది మా బావగారూ, ఇమాం సాహెబు గారూ విడివిడిగా చెప్పిన రెండు కథల్లోంచి కలిపి చెబుతున్నాను. ఎవరి కథలో వాళ్ళు అమాయకులు.

ఇమాం సాహెబు గారిది కైకలూరులో ఐసు వ్యాపారం. మా బావగారి చేపలు ఎన్నేళ్ళుగానో ఆయన ఐసులోనే లారీ ఎక్కుతున్నాయి. చుట్ట, బీడీ, మందు ఏదీ ఎరగని మనిషి. ఎవరేం అడిగినా కాదనలేని మొహమాటం మాత్రం పుట్టుకతో వచ్చింది. ఆ పొద్దున మకాం దగ్గర టీ తాగుతున్నారు. పక్కనే బావగారు చుట్ట వెలిగించి రెండు దమ్ములు లాగారో లేదో, గట్టు చివర ఆడమనిషి స్కూటరు మీద వస్తూ కనిపించింది. మా గట్టు పొడుగు కాబట్టి కుట్ర చేసుకోవడానికి తీరుబడి దొరికింది.

"సాహెబూ, నీ చెయ్యి ఓసారి అరువివ్వాలి" అన్నారు బావగారు, చుట్ట చెరువులోకి విసిరేస్తూ.

"చెయ్యా అండీ? దేనికండీ?"

"రక్తానికి. చుట్ట తాగితే ఆ అంకె పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నీది మంచినీళ్ళ చెరువు. ఒక్క సీసా పట్టుకెళ్తుంది, అంతే."

"అది మీ ప్రాణం సంగతండీ రాజుగారూ. ఆటలు కాదండీ."

"నా ప్రాణానికేం భయం లేదోయ్, పోయినసారి రెండొచ్చింది. ఈసారి ఐదొచ్చిందనుకో, మీ రత్నమ్మగారు నన్ను ఈ చెరువులోనే ముంచుతుంది. నీకు చూడ్డానికి బాగుంటుందా?"

మా అక్క చేతి కొర్రమీను పులుసు తిన్న మనిషి ఆ ఇంటి యజమానిని ఎలా ముంచనిస్తారు? సాహెబు గారు టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు.

వచ్చినావిడ పేరు రూబీ. కొత్తగా చేరింది, ఇద్దరిలో ఎవర్నీ ఎరగదు. "నరసరాజు గారు ఎవరండీ?" అని అడిగితే, అసలు నరసరాజు గారు ఎదుటి మనిషిని చూపించారు. సాహెబు గారు ఆకాశం కేసి చూస్తూ చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"వయసెంతండీ?"

"అరవై రెండండి" అన్నారు బావగారు.

"అరవై రెండా అండీ?" అని సాహెబు గారు ఉలిక్కిపడ్డారు. ఆయనకింకా అరవై రాలేదు. అంత ఆపదలోనూ ఆ మాట ఆయనకి గుచ్చుకుంది.

"గడ్డం బాగా పెంచారండీ రాజుగారూ" అంది రూబీ సూది తీస్తూ.

"మొక్కండి" అని మళ్ళీ ఈయనే జవాబిచ్చారు.

ఆవిడ వెళ్ళాక ఇద్దరూ ఇంకో టీ తాగారట. సాహెబు గారు మాత్రం వెళ్ళేదాకా చేతి మీద దూది తీయలేదట.

మర్నాడు పొద్దున రిపోర్టు మా అక్క ఫోనుకొచ్చింది. అక్క ఫోను నా చేతిలో పెట్టింది. నరసరాజు అన్న పేరు, దాని ఎదురుగా ఇరవై మూడు. నేను మళ్ళీ చూశాను. ఇరవై మూడే. బావగారికి చూపిస్తే తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. షాక్ తిన్నారనుకుని నేనే కుర్చీ వేశాను.

డాక్టరుగారికి ఫోను చేస్తే "కంగారు పడకండి, ఒక్క అంకెతో ఏదీ తేల్చం. రేపు తీసుకురండి, మళ్ళీ రక్తం చూసి స్కాన్ తీద్దాం" అంది. అక్క కంగారు పడొద్దన్న మాట వినలేదు. దేవుడి గదిలో కూర్చుని ఏడ్చింది, వంటింట్లో ఏడ్చింది, వడ్డిస్తూ ఏడ్చింది. కబురు తెలిసి చుట్టాలు దిగారు. ఇంటిల్లిపాదీ గుడ్లనీరు కుక్కుకుంటుంటే మా బావగారు మాత్రం పులుసు మారు వడ్డించమన్నారు.

"ఎంత గుండె నిబ్బరమండీ రాజుగారిది!" అన్నారు చుట్టాలు. ఈయన ఆ పొగడ్తని కూడా పులుసుతో కలిపి తినేశారు.

తర్వాత తెలిసింది ఆయన లెక్క. రేపు ఏలూరులో తన సొంత రక్తం ఇస్తారు, మామూలుగా వస్తుంది, పాత రిపోర్టు మిషను పొరపాటని అందరూ అనుకుంటారు. ఒట్టు భద్రం, చుట్ట భద్రం, ఉపన్యాసం లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ మనిషి ఆ పూట తిన్న తిండంతా ఆ ధైర్యం మీదే తిన్నారు. ఇరవై మూడు తనది కాకపోతే మరి ఎవరిదన్న ఆలోచన ఆ బుర్రలోకి ఇంకా రాలేదు. పక్క చెరువు నీళ్ళు తేటగా ఉంటాయని అంత నమ్మకం.

అప్పుడొచ్చారు ఇమాం సాహెబు గారు, సంచి నిండా దానిమ్మకాయలు పట్టుకుని. ముఖం వేలాడేసుకుని ఉన్నారు. బావగారి చెవిలో "మిషను తప్పేనండీ, నాకేం రోగమండీ" అని గొణిగారు. నేను పక్కనే ఉన్నాను గానీ అప్పుడు నాకది అర్థం కాలేదు. తర్వాత ఆయన దండెం మీది తువ్వాలు తీసుకుని నాలుగు మడతలు వేసి కుర్చీలో పరుచుకున్నారు. దాని మీద ఓ పక్కకి ఒరిగి కూర్చున్నారు.

బావగారి చేతిలో ముద్ద అక్కడే ఆగింది.

"ఏవిటి సాహెబూ, అలా కూర్చున్నావ్?"

"ఏం లేదండీ. మొలలండి. కొంచెం రక్తం పడుతోంది. ఐసులో పని చేసే ఒళ్ళయినా వేడి చేసిందంటున్నారు. మా ఆవిడ సుగ్రా పసరు నూరి ఇస్తోందండి, తగ్గుతుందిలెండి."

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా మా బావగారి ముఖంలో నేను భయం చూడలేదు. ఆ మధ్యాహ్నం చూశాను. ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడిగేసుకున్నారు. తినే అన్నం వదిలి లేవడం ఆయన జీవితంలో అదే మొదలు.

"మాణిక్యం, ఇలా వచ్చి కూర్చో" అన్నారు. "ఆ ఇరవై మూడు నాది కాదు. ఈయనది."

చుట్టాల ముందే అంతా చెప్పారు. స్టార్టర్ పెట్టె, చుట్టల కట్ట, రూబీ, గడ్డం మొక్కు, దేన్నీ దాచలేదు. నాకు ఒకచోట నవ్వొచ్చింది గానీ అక్క ముఖం చూసి మింగేశాను. ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనదని తెలిసే సరికి నాకు ఇంకా భయమేసింది.

అందరికంటే ముందు తేరుకుంది సాహెబు గారే. "అదేంటండీ రాజుగారూ, కాగితం మీద మీ పేరుంది కదండీ. అది మీదే అవుతుంది. నాకు చుట్ట లేదు, మందు లేదు, నాకెందుకొస్తుందండీ?" అన్నారు. 

బావగారు వెళ్ళి ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చున్నారు. రెండు చేతులూ పట్టుకున్నారు.

"సాహెబూ, పోయినేడు ఈ కుర్చీలో ఇలాగే నేను కూర్చున్నాను. అదే తువ్వాలు. అదే మాట. ఆ పసరు తాగుతూ ఎన్నాళ్ళు పోగొట్టుకున్నానో నాకు తెలుసు. నువ్వు ఒక్క రోజు కూడా పోగొట్టుకోకు. నా మీద దయుంచి లే."

సాహెబు గారు లేచి తువ్వాలు మడత పెట్టారు. "సుగ్రాకి నేను చెప్పలేనండీ. మీరే చెప్పాలి" అన్నారు.

కాబట్టి మా బావగారు ఆ పూటే రెండోసారి, ఈసారి సాహెబు గారి గుమ్మంలో నిలబడి, ఇదంతా మొదట్నుంచీ చెప్పారు. సుగ్రా గారు చేతిలో పసరు నూరే పొత్రం రాయితో అలాగే విన్నారు. ఆ రాయి ఆయన మీద పడుతుందేమోనని నేను కాస్త పక్కకి జరిగాను.

"అంతమందుండగా ఈయన చెయ్యే ఎందుకడిగారండీ రాజుగారూ?" అన్నారు ఆవిడ.

"మా అందరిలోకీ తేటైన మనిషనమ్మా" అన్నారు బావగారు, తలెత్తకుండా.

సుగ్రా గారు రాయి కింద పెట్టి, తలుపు తాళం వేసి, వచ్చి కార్లో మా అక్క పక్కన కూర్చున్నారు.

రేపటి దాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఏలూరు చేరాం. డాక్టరు పద్మప్రియ గారు విన్నంతసేపూ కలం మూత తీయడం, పెట్టడం చేస్తూనే ఉన్నారు. మా బావగారు జీవితమంతా తప్పించుకుంటూ వచ్చిన ఉపన్యాసాలన్నీ వడ్డీతో సహా ఆ రోజు ఆవిడ చేత అందుకున్నారు.

"ఆటలా ఉందా మీకు? ఇదే తిరగబడి ఉంటే? నిజంగా మీ అంకె పెరుగుతూ, ఈయనది రెండొచ్చి ఉంటే నేనేం చేసేదాన్ని? హాయిగా ఉన్నారు, మూడు నెలలాగి రమ్మని పంపేసేదాన్ని. సీసా మీద పేరు రాస్తే లోపల రక్తం మీదైపోతుందా?"

చేపలు నోళ్ళు తెరిచిన ఆ పొద్దున నేనడిగిన ప్రశ్నే అది. బావగారు నా కేసి చూశారు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

సాహెబు గారితో మాత్రం ఆవిడ మెత్తగా మాట్లాడింది. "ఈ అంకె చూసి మీకు జబ్బుందని చెప్పలేనండీ. రోగం ఉందో లేదో కనిపెట్టడానికి చేసే పరీక్ష కాదిది. కానీ రక్తం పడుతోందంటున్నారు. దాన్ని మొలలని మనంతట మనం అనుకోకూడదు, లోపల చూడాల్సిందే" అంది.

చూశారు. గడ్డే. బయటికి ఎక్కడికీ పాకలేదు, వేళకి వచ్చారంది. బావగారి సొంత రక్తంలో నాలుగున్నర వచ్చింది. "ఇది చుట్టదో ఇంకోదానిదో చుట్ట మానేస్తే గానీ నేను చెప్పలేను" అని డాక్టరుగారు స్కాన్ కూడా తీయించింది. అందులో ఏమీ లేదు. మా అక్క ఆ ఫిల్ము పట్టుకుని కళ్ళకద్దుకుంది గానీ, పక్కనే ఉన్న మొగుడితో మాట్లాడలేదు.

మాటలు మానేసిందంటే నిజంగానే మానేసింది. "నా మాట నమ్మవా?" అని బావగారంటే "నమ్మను, రక్తం చెప్తే నమ్ముతానని మీ బావగారికి చెప్పు" అని నాతో అనేది. ఆయన నాకెదురుగా కూర్చుని "ఉప్పు అందుకోమని మీ అక్కకి చెప్పు" అనేవారు. నేను మేత వ్యాపారం వదిలేసి రాయబారం పెట్టుకున్నాను.

సాహెబు గారికి ఆపరేషన్ అయిన రోజు అక్క క్యారేజీ కట్టుకుని ఏలూరు వచ్చింది. వరండాలో బెంచీ మీద సుగ్రా గారి పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా బయటపెట్టింది. "నా చేతిలో చెయ్యేసి ఒట్టేసిన మనిషండీ. నా మీద వేసిన ఒట్టుకి విలువ ఆ చుట్టపాటి లేదండీ" అని కళ్ళొత్తుకుంది.

సుగ్రా గారు ఆవిడ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "అక్కా, మీ కోపం మీదేనండీ, నేను కాదనను. కానీ ఆయన ఆ ఒట్టు నిలబెట్టుకుని ఉంటే నేనివాళ ఈ బెంచీ మీద ఉండేదాన్ని కాదు. ఇంట్లో కూర్చుని ఇంకా పసరు నూరుతూ ఉండేదాన్ని" అన్నారు.

అక్క కళ్ళు తుడుచుకుని, క్యారేజీ విప్పి ఆవిడకి అన్నం పెట్టింది.  ఇంటికొచ్చాక బావగారికి అన్నం వడ్డించి, ఎదురుగా నిలబడింది.

"ఏవండీ. ఆ చుట్టకి దణ్ణం పెట్టుకున్నాను. ఇంక దాని పనైపోయింది, పారెయ్యండి."

ఆయన అప్పటికే పారేశారు. ఆ మాట చెప్పినా ఆవిడ నమ్మదని ఊరుకున్నారు.

మొన్న మళ్ళీ పరీక్ష వచ్చింది. ఇద్దరికీ కలిపి మకాం దగ్గరే పెట్టించింది అక్క. రూబీ స్కూటరు దిగి, ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ముందు ఆధార్ కార్డులు చూపించండి" అంది. సాహెబు గారు టోపీ సరిగ్గా పెట్టుకుని, గడ్డం దువ్వుకుని, పేరూ వయసూ గట్టిగా చెప్పారు. రూబీ సూది గుచ్చే దాకా అక్క బావగారి మోచెయ్యి వదల్లేదు. అదే ఊపులో, అంతలో వచ్చిన నీళ్ళ టెక్నీషియన్ చేతిలోంచి సీసా లాక్కుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే మా చెరువులో దిగి ముంచింది. అమోనియా ఎక్కువే ఉంది. టెక్నీషియన్ ఉపన్యాసం ఆలుమగలిద్దరూ నిలబడి విన్నారు.

సాయంత్రం ఫోన్లకి రిపోర్టులొచ్చాయి. బావగారిది రెండు. అక్క ఆ అంకెని చూసి, ఆయన్ని చూసి, పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. సాహెబు గారు కళ్ళజోడు లేక ఫోను నా చేతికిచ్చి చదవమన్నారు.

"ఒకటిన్నరండీ సాహెబు గారూ. మీ పేరు మీదే ఉంది."

ఆయన ఫోను వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. తర్వాత "రాజుగారూ, ఆ రోజు మీరన్నది ఇవాళ్టికి నిజమైందండీ. మంచినీళ్ళేనండీ" అన్నారు.

మా బావగారు కుర్చీలోంచి లేచారు. తవుడు సంచి కట్టించే వంకతో గట్టు మీదికి వెళ్ళిపోయారు. మేత తగ్గించమని టెక్నీషియన్ చెప్పి ఎంతోసేపు కాలేదు, అయినా అక్క ఆపలేదు. ఆ సాయంత్రం మా చేపలకి ఒక సంచి ఎక్కువే పడింది.